స్టెప్నీలో నిమ్మగింజ

మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవై. స్టేషన్ ఆవరణలో అడుగుపెట్టిన డిటెక్టివ్ ధర్మేందర్ కంట మొదట పడింది నుజ్జునుజ్జయిన పాత ఫియట్ కారు కాదు, దాని పక్కనే నిగనిగలాడుతూ నిలబడ్డ తెల్ల కారు. పడిన కారుని చూసి అయ్యో అనుకోవాల్సిన మనిషి, నిలబడ్డ కారుని చూసి అయ్యయ్యో అనుకున్నాడు. ఎందుకంటే ఆ తెల్ల కారు భానుతేజది.

భానుతేజ నాలుగేళ్లు ధర్మేందర్ దగ్గర అసిస్టెంటు. మేడ్చల్‌లో మేడ మీద ఒంటిగది ఆఫీసులో ఫైళ్లు మోశాడు, టీలు తెచ్చాడు, "మీరు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి గురువుగారూ" అన్నాడు. గురువుగారు లేకుండా ఏమైపోతాడో చూద్దామనుకున్నట్టు ఓ రోజు వెళ్లిపోయి బీమా కంపెనీకి దర్యాప్తు అధికారి అయి కూర్చున్నాడు. ధర్మేందర్‌కి మాత్రం అదే గది, అదే బండి, బండికి అదే వెనక టైరు. ఆ టైరు నున్నదనంలో ఆయన తలతో పోటీపడుతోంది, గెలుస్తోంది కూడా. ఈ ఏడాదిగా ఛాతీలో మంట. డాక్టరు గ్యాసన్నాడు. గ్యాసైతే తను తిన్నాక రావాలి కదా. ధర్మేందర్‌కి భానుతేజ తిన్నాక వచ్చేది.

బండి వెనక సీటు దిగిన సుచిత్ర కొంగుతో మొహం తుడుచుకుంది.

"సారూ, అయిదు గంటలకు మా ఆయనను జడ్జి సారు ముందట పెడ్తరంట. ఒక్కపారి లోపటికి వోయిండంటే ఇగ దుకాణం సచ్చినట్టే. ఇస్తారి చక్రం జేస్తే పానం వోతదంటే ఎవ్వలు తెస్తరు బండ్లు?"

"అయిదింటికి ఇంక మస్తు టైమున్నదమ్మా. రిమ్ములు జేసేటోణ్ని రిమాండు జేస్తమంటే ఊకుంటమా?"

సుచిత్ర నవ్వలేదు. ధర్మేందర్ కూడా నవ్వించాలని అనలేదు. భయమేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, ఆయన మాటల్ని కలుపుకుంటాడు.

ఆమె మొగుడు ఇస్తారి గౌడవెల్లిలో పాత కార్ల చక్రాలు బాగుచేస్తాడు. తుప్పు గీకుతాడు, సొట్ట తీస్తాడు, ఇరుసుకెక్కించి తిప్పి ఊపు ఎక్కడుందో చెవితో కనిపెడతాడు, రంగేస్తాడు. శామీర్‌పేటలో కొత్త కాలనీలో ఉండే రిటైర్డు రైల్వే ఇంజనీరు జానకిరామయ్య తన అరవై ఏళ్లనాటి ఫియట్‌కి అయిదు చక్రాలూ ఇస్తారితోనే చేయించాడు. ఏడాదిన్నర పట్టింది. శనివారం సాయంత్రం ఆరింటికి కారు ఆయన ఇంటికి చేరింది. ఆదివారం ఉదయం పూజ చేసుకుని, పాత కార్ల పోటీకని తొమ్మిదీ ఇరవైకి బయల్దేరాడు. తొమ్మిదీ నలభైకి చెరువు పక్క మలుపులో ముందు ఎడమ టైరు పేలింది. కారు బోల్తా కొట్టింది. పెద్దాయన రెండు రోజులుగా ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడివున్నాడు. సోమవారం సాయంత్రం ఇస్తారిని స్టేషన్‌కి తెచ్చారు.

"వచ్చినవా ధర్మేందరూ! నీ పాత శిష్యుడు కేసును తేల్చి పక్కకు వెట్టిండు, నువ్వేం జేస్తవింక?" ఎస్సై గౌరయ్య వరండాలోంచి అరిచాడు.

పక్కనే భానుతేజ. ఇస్త్రీ చొక్కా, చేతిలో పలకంత ఫోను. గురువుగారిని చూసి రెండు చేతులూ జోడించాడు. ఆ నమస్కారంలో వినయం ఎంతుందో, వినోదం అంతకు రెట్టింపు ఉంది.

"పేలిన టైరు చూశారా గురువుగారూ? పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. రెండు, రెండు, సున్నా, తొమ్మిది. అంటే రెండువేల తొమ్మిదిలో ఇరవై రెండో వారం తయారీ."

"నాకు నేర్పుతున్నవా? నీకు నేర్పిందే నేను."

"అందుకే గుర్తుచేస్తున్నాను. మిగతా మూడూ నిరుడు తయారైనవి. డిక్కీలో ఉన్న స్టెప్నీ కూడా నిరుటిదే. రోడ్డు మీద నడవాల్సిన కొత్త టైరు డిక్కీలో, డిక్కీలో పడుండాల్సిన ముసలి టైరు రోడ్డు మీద. బిగించింది ఎవరు? ఇస్తారి. అజాగ్రత్త."

"అబద్ధం!" సుచిత్ర ముందుకొచ్చింది. "గా సైజు టైర్లు దొరుకుడే కష్టం సారూ. నాలుగే దొరికినయ్. అయిదోది కోయంబత్తూరునుంచి రావాలె. అందాక కారుతోని వచ్చిన పాతదే అయిదో రిమ్ముకెక్కిచ్చి డిక్కీల వెట్టిండు. గిది సూసుటందుకే, నడుపుటందుకు గాదు సారూ అని పెద్దసారుకు నా ముందట్నే చెప్పిండు."

"చెప్పి, చేతులు తారుమారు చేశాడు," అన్నాడు భానుతేజ మెత్తగా. "రుజువుంది. ఆదివారం ఏడింటికి పూజలో నాలుగు చక్రాల మీదుండే వీల్ కప్పు మూతలకూ బొట్లు పెట్టానని పెద్దాయన భార్య చెప్పింది. చూడండి, పేలిన చక్రం కప్పు మీద కూడా బొట్టుంది. అంటే పూజ వేళకే ఆ ముసలి టైరు ముందుంది. శనివారం ఆరు నుంచి ఆదివారం ఏడు దాకా కారు తాళమేసిన షెడ్డులో ఉంది. ఇంకెవరు మారుస్తారు?"

ధర్మేందర్ వంగి చూశాడు. మెరిసే వీల్ కప్పు మీద, సొట్టల మధ్య, పసుపూ దాని మీద కుంకుమా. నిజమే. వాదన బాగుంది. బాగుండటమే బాధ. తప్పుగా ఉంటే శిష్యుణ్ని క్షమించేవాడు. ఇంత శుభ్రంగా ఉంటే ఎలా క్షమించడం?

మంట గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి డిక్కీ తెరిచాడు. సగం ధర్మేందర్ డిక్కీలో, సగం స్టేషన్లో. స్టెప్నీ మీద వేళ్లు పెట్టి గాడి వెంట గాడి తడుముతూ పోయాడు. ఒకచోట ఏదో జిగురు ఎండి గట్టిపడ్డట్టు చేతికి తగిలింది. గోటితో గీరాడు. చిన్న తెల్ల గింజ. దాని పక్కన, గాడి లోపల ఇరుక్కుని, ఎండిన పచ్చటి తొక్క. వాసన చూశాడు.

"గౌరయ్య సార్, జర ఇటు రాండ్రి. నిమ్మకాయ."

భానుతేజ నవ్వాడు. "తొక్కలో గింజ గురువుగారూ!"

"తొక్కలనే ఉంటది బిడ్డా గింజ. తొక్క గుడ ఉన్నది, సూడు." ధర్మేందర్ గొంతు లేచింది. ఆయన గొంతు లేస్తే రోడ్డవతలి టీ కొట్టువాడు కూడా గ్లాసు పక్కన పెట్టి వింటాడు. "కారు కింద నిమ్మకాయలెక్కడ వెడ్తరు? నాలుగు చక్రాల కింద. స్టెప్నీ కింద వెడ్తరా? డిక్కీలున్న చక్రం నిమ్మకాయనెట్ల తొక్కింది? గాలిల తొక్కిందా?"

గౌరయ్య మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోటి. మిగతా మూడు చక్రాలు సూడుండ్రి. ఒక్కదాంట్ల గింజ లేదు, తొక్క లేదు. ఎందుకంటే అవి ఇల్లు దాటి చెరువుదాక నడిచినయ్, రాలిపోయినయ్. దీంట్ల మాత్రం అట్లనే ఉన్నది. అంటే గీ చక్రం నిమ్మకాయ తొక్కింది గని, తొక్కినంక రోడ్డు తొక్కలె. పూజకు ముందటున్నది, ప్రయాణంకు డిక్కీలకొచ్చింది. మధ్యల ఎవలో మార్చిండ్రు."

"ఇస్తారే తన దుకాణంల తొక్కిచ్చిండేమో?" అన్నాడు గౌరయ్య.

"ఎవలి బండికి వాళ్లింటోళ్లే తొక్కిస్తరు సారూ, పనోళ్లు తొక్కియ్యరు," అంది సుచిత్ర. "తొక్కిచ్చినా గౌడవెల్లినుంచి శామీర్‌పేటకు నడుపుకుంట వచ్చిండు, అన్ని కిలోమీటర్లకు మిగుల్తదా?"

"మరి బొట్టు?" భానుతేజ మాటలో మొదటిసారి చిన్న బీట కనబడింది.

సుచిత్ర కారు పక్కన కూర్చుని, తాళంచెవి మొన వీల్ కప్పు అంచు కింద పెట్టి ఒక్క ఎత్తు ఎత్తింది. టప్పున ఊడి ఆమె ఒళ్లో పడింది, బొట్టుతో సహా.

"ఏ చక్రానికైనా గిదే కప్పు," అంది. "బొట్టు కప్పుతోని పోతది, చక్రంతోని గాదు."

ఆ క్షణం భానుతేజ మొహం చూడాలి! ధర్మేందర్ చూశాడు. కళ్లారా, కడుపారా చూశాడు. ఏడాదిగా తగ్గని గ్యాసు ఒక్క నిమ్మగింజకి తగ్గింది.

కానీ గౌరయ్య తల అడ్డంగా ఊపాడు. "మంచిగనే ఉన్నది. మార్చినోడు ఎవడు? పూజకు, ప్రయాణంకు నడుమ రెండు గంటలు. పేరు దేండ్రి. అయిదింటిదాక కాగితం ఆపుత. పేరు లేకుంటే జడ్జి సారు ముందట గింజను నిలబెట్టి సాక్ష్యం చెప్పియ్యాల్నా?"

వెనక్కి తిరిగేసరికి తెల్ల కారు లేదు. దుమ్ము మాత్రం ఉంది. భానుతేజ ఎవరి పేరో అప్పుడే ఊహించేశాడు. ధర్మేందర్ మూడుసార్లు కిక్కు కొడితే గానీ ఆయన బండి ఊపిరందుకోదు.

* * *

మూడూ నలభైకి జానకిరామయ్య ఇంటి గేటు ముందు దిగారు. గేటు పక్కన, ప్రహరీ గోడ వెంట, ఈమధ్యే పైపుల కోసం తవ్వి పూడ్చిన మెత్తటి మట్టి. ఆదివారం కారు నిలిపింది అక్కడే. ఎడమవైపు గోడకి, కుడివైపు వీధికి. గోడకీ కారుకీ మధ్య మనిషి కూర్చుని పని చేసుకునేంత సందు. వీధిలోంచి చూసేవాడికి కనబడదు. ఎడమ చక్రం మారిందని జానకిరామయ్యకి ఎందుకు తెలియలేదో అర్థమైంది: ఆయన కుడి తలుపు తీసుకుని ఎక్కాడు.

వరండాలో ఇద్దరున్నారు. జానకిరామయ్య భార్య కామేశ్వరమ్మ, అరవై దాటిన మనిషి, ఆసుపత్రినుంచి స్నానానికని వచ్చి, తడి జుట్టు ముడేసుకుంటోంది. పక్కింటి వెంకటసాయి ఆవిడ కోసం ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు. ఈయనకీ ఒక పాత కారుంది. మూడేళ్లుగా పోటీల్లో రెండో బహుమతి దానికే. మొదటిది ఎవరికో చెప్పనక్కర్లేదు.

ధర్మేందర్‌కి వెంకటసాయి చూడగానే నచ్చాడు. ఆ కళ్ల కింద నల్లచారలు తనకి అద్దంలో బాగా పరిచయం.

"ఆదివారం మీరెన్నింటికి వచ్చిండ్రు సార్?"

"ఏడింటికండీ. పూజకి పిలిచారు. ఏడూ ఇరవైకి నిమ్మకాయలు తొక్కించారు. ఎనిమిదిదాకా పులిహోర తిన్నాం."

"తర్వాత?"

"వెళ్లేముందు ఓ ఫోటో తీసుకున్నానండీ." ఫోను చూపించాడు. ముందు ఎడమ చక్రం. ఎనిమిదీ అయిదు. టైరు మీద నాలుగంకెలు ఫోటో పెద్దది చేస్తే స్పష్టంగా కనిపిస్తున్నాయి: నిరుటివి.

"అంత దగ్గర్నుంచి ఎందుకు తీసిండ్రు?"

వెంకటసాయి ఫ్లాస్కు మూత తిప్పాడు, మళ్లీ తిప్పాడు. "ఉన్నమాట చెప్పనా? కుళ్లుకుని. ఆ రంగు, ఆ అంచు... ఇస్తారి నాకూ చేశాడు గానీ అలా రాలేదు. రాలేదనిపించింది. ఎక్కడైనా చిన్న గీత కనబడుతుందేమోనని వెతికాను. కనబడలేదు. 'అబ్బ, ఏం మెరుస్తోందండీ' అన్నాను. మూడుసార్లన్నాను. ఇంటికెళ్లి పడుకున్నాను. ఆ పోటీకి కూడా వెళ్లలేదు."

"చక్రం మార్చి, ఆయనకు మార్కులు తగ్గిద్దామని అనిపియ్యలేదా?"

"అనిపించి ఉంటే మాత్రం, చేతనవ్వాలి కదండీ!"

ఇక్కడ సుచిత్ర పకాలున నవ్వింది. రెండు రోజుల్లో మొదటి నవ్వు. "నిజమే సారూ. గీసారుకు పంక్చరైతే ఎప్పుడు మా ఆయనే ఉరకాలె. ఒకపారి జాకీని బంపరు కింద వెట్టి బంపరు ఇరగ్గొట్టుకున్నడు."

వెంకటసాయి సిగ్గుతో ఎర్రబడ్డాడు. తప్పు చేసినవాడు పాలిపోతాడు, చేతకానివాడు ఎర్రబడతాడు. ధర్మేందర్ మనసులో ఆయన పేరు కొట్టేశాడు.

"అమ్మా, వెంకటసాయి సారు పోయినంక కారు దగ్గరికెవలన్న వచ్చిండ్రా?" కామేశ్వరమ్మనడిగాడు.

"ఏమో బాబూ. ఆయన స్నానానికెళ్లారు. పోటీకని సూటు వేసుకుని, జుట్టుకి రంగేసుకుని, బయటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. పెళ్లికి కూడా అంత తయారవలేదు." నవ్వింది. "ఏడాదిన్నరగా అంతేలెండి. నాతో మాట్లాడింది తక్కువ, ఆ రిమ్ములతో మాట్లాడింది ఎక్కువ. టైర్లు రేడియలా, నైలానా, సన్నంచా, తెల్లంచా... రాత్రి నిద్రలో కూడా ఆ కలవరింతే. ఇస్తారి ఫోన్ చేస్తే అన్నం ముందునుంచి లేచిపోయేవారు."

ధర్మేందర్ కూడా నవ్వాడు. పాత కార్ల వాళ్ల పెళ్లాలందరిదీ ఒకటే పాట అనుకున్నాడు.

"అయ్యో, నిలబడే ఉన్నావేం అమ్మాయ్? కూర్చో," అని కామేశ్వరమ్మ కుర్చీ తేవడానికి లోపలికెళ్లింది. సుచిత్ర అంతలోపే గోడకి బోర్లా ఆనించి ఉన్న పూజపీట లాక్కుంది. కూర్చోబోయి ఆగింది. తిరగేసి చూసింది. పీట మీద ముగ్గు. ముగ్గు మధ్యలో, కర్రలోకి లోతుగా దిగిన చదరపు అచ్చు. చుట్టూ తుప్పు మరక.

"సారూ," గొంతు తగ్గించింది. "గిది జాకీ అడుగు గుర్తు. ఫియట్ జాకీదే. మెత్తటి మన్నుల జాకీ దిగవడుతదని కింద చెక్క ఏస్తరు. మా ఆయన గుడ ఏస్తడు. తెల్వనోళ్లు ఎయ్యరు."

ధర్మేందర్ కళ్లు పీట మీంచి వంటింటి గడప మీదికి, గడప మీంచి మెత్తటి మట్టి మీదికి వెళ్లాయి. బయటినుంచి వచ్చినవాడు రాయి వెతుకుతాడు, ఇటుక వెతుకుతాడు. పూజగదిలోకి నడిచివెళ్లి పీట తెచ్చుకోడు.

నాలుగూ పదికి గేటు ముందు తెల్ల కారు ఆగింది. వెనకే జీపు. భానుతేజ దూకుడుగా మెట్లెక్కాడు, గౌరయ్య వెనక.

"వెంకటసాయి గారూ, మీరొకసారి స్టేషన్‌కి రావాలి. పోటీలో మూడేళ్లు రెండో స్థానం. ఎనిమిదీ అయిదుకి ఆ చక్రం దగ్గర కూర్చున్నారు. ఎదురింటి కెమెరాకి కారు ముందుభాగమే అందుతుంది, ఆ సందులోంచి మీరు బయటికి రావడం దాంట్లో పడింది. దీనికన్నా కారణం కావాలా?"

"అయ్యో బాబూ, నేను ఫోటో తీశానంతే!" వెంకటసాయి ఫ్లాస్కుని గుండెకి హత్తుకున్నాడు.

అప్పుడు ధర్మేందర్ ఒక పని చేశాడు. అంటే, ఏ పనీ చేయకుండా ఊరుకున్నాడు. సుచిత్ర అందించిన పీట చేతిలోనే ఉంది. మాట నోట్లోనే ఉంది. కానీ లోపల ఏదో తియ్యగా గుసగుసలాడింది: తీసుకెళ్లనీ. తప్పు మనిషిని జీపెక్కించనీ. రేపు పేపర్లో పడనీ. అప్పుడు చూద్దాం తెల్ల కారు తెల్లమొహం ఎలా వేస్తుందో.

గౌరయ్య వెంకటసాయి భుజం మీద చెయ్యేశాడు. వెంకటసాయి మెట్టు దిగాడు. ఇంకో మెట్టు. సుచిత్ర ధర్మేందర్ వంక చూసింది. ఆ చూపులో నిన్న సాయంత్రం తన మొగుణ్ని ఇలాగే దింపిన మెట్లున్నాయి.

"ఆగుండ్రి!" అన్నాడు ధర్మేందర్. ఈసారి గొంతు లేవలేదు. "భానూ, ఆయన గాదు. గీ పీట సూడు."

కుర్చీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కామేశ్వరమ్మ పీటని చూసింది. కుర్చీ కింద పెట్టింది. దాంట్లో తనే కూర్చుంది.

"ఆయన్ని వదిలేయండి," అంది. "నేను మార్చాను."

గౌరయ్య వెంకటసాయి భుజం మీంచి చెయ్యి తీశాడు.

"మా నాన్నగారికి తణుకులో రెండు లారీలుండేవి. పద్నాలుగేళ్లకే చక్రం విప్పడం వచ్చు నాకు. బలం అక్కర్లేదు, పానా మీద కాలేసి తొక్కితే చాలు. జాకీ కింద చెక్క వెయ్యాలని కూడా ఆయనే నేర్పారు." గాజులు సర్దుకుంది. "వెంకటసాయి గారు ఆ చక్రాన్నే పట్టుకుని మూడుసార్లు మెచ్చుకున్నారు. దిష్టి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిమ్మకాయలు తొక్కించేశాక తగిలిన దిష్టికి విరుగుడేముంది? ఆ చక్రం మీద ఆయన ప్రయాణం చెయ్యకూడదనిపించింది. ఎవరి కన్నూ పడనిది డిక్కీలో ఉంది. అది తీసి ఇది పెట్టాను. కప్పు కూడా మార్చాను, చూస్తే తిడతారని. టైరు పాతదని నాకేం తెలుసు?"

వెంకటసాయి మెట్టు మీద కూలబడ్డాడు. "నా నోరు పడిపోను," అన్నాడు.

"రెండు రోజులు ఎందుకు చెప్పలె అమ్మా?" గౌరయ్య అడిగాడు.

"చెబితే ఆయన నా మొహం చూడరని."

గౌరయ్య కాగితం తీసి రాశాడు. ఆవిడ సంతకం పెట్టింది. నాలుగూ ఇరవై అయిదుకి స్టేషన్‌కి ఫోన్ చేసి, "ఇస్తారిని ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. సుచిత్ర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్లి కామేశ్వరమ్మ పక్కన కూర్చుంది.

భానుతేజ ధర్మేందర్ పక్కకి జరిగాడు. "గురువుగారూ, మీరు ఆపకపోతే నా ఉద్యోగం పోయేది."

"తెలుసు," అన్నాడు ధర్మేందర్. ఎంతసేపు ఆపకుండా నిలబడ్డాడో మాత్రం చెప్పలేదు. "దిష్టి భానూ. కుళ్లుకున్నోడు ఏం జెయ్యలె. కుళ్లుకున్నడేమోనని భయపడ్డ ఇల్లాలు జేసింది. గిసొంటి కేసు నేనెన్నడు సూడలె." ఛాతీలో మంట లేదు. అసూయ సంగతి తనకన్నా తెలిసినవాడు ఈ చుట్టుపక్కల లేడనుకున్నాడు.

గౌరయ్య ఫోను మోగింది.

"ఆ... అవునా? తెలివొచ్చిందా? మాట్లాడుతుండా?" అందరూ లేచి నిలబడ్డారు. గౌరయ్య నవ్వుతూ విన్నాడు. వింటూ వింటూ నవ్వు తగ్గించాడు. ఫోను జేబులో పెట్టాడు. "అమ్మా, పెద్దసారు కండ్లు తెరిసిండంట. పానానికి ఫికరు లేదన్నడు డాక్టరు."

కామేశ్వరమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచింది.

"నన్నడిగారా?"

గౌరయ్య గోడవంక చూశాడు. పోలీసువాడైనా అబద్ధం ఆడటానికి కొంచెం టైము కావాలి. ఆ టైము ఆవిడ ఇవ్వలేదు.

"ఏమడిగారు?"

"మొదాలు... కారడిగిండంట. చక్రాలకేం గాలేదు గదా అన్నడంట. ఇస్తారిని పిలువుమన్నడంట."

"తర్వాత?"

"తర్వాత నర్సు మందిచ్చింది. పండుకున్నడంట అమ్మా."

కామేశ్వరమ్మ తలూపింది. చాలాసేపు ఊపింది. సుచిత్ర ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, మెల్లిగా, కానీ గట్టిగా, వేళ్లు విడిపించుకుంది. ఆ కళ్లలోకి ధర్మేందర్ అప్పుడు చూశాడు. ఏడాదిగా తను అద్దంలో చూసుకుంటున్న అసూయ దీని ముందు కొవ్వొత్తి అనిపించింది.

"గౌరయ్య గారూ," అంది. "ఇందాక ఒకమాట రాసుకున్నారు కదా, టైరు పాతదని నాకు తెలియదని. అది కొట్టేయండి."

"అమ్మా..."

"లారీలున్న ఇంట్లో పుట్టినదాన్ని. పగుళ్లిచ్చిన టైరు ఎండలో ఎంతదూరం వస్తుందో నాకు ఇస్తారి చెప్పక్కర్లేదు." పైట సర్దుకుని జీపువైపు చూసింది. "పోటీదాకా రాదని తెలిసే బిగించాను."